తెల్లవారితే శుక్రవారం: కాలేజీ పిల్లలతో ఒక అక్షరాల డిజైనర్ మాటలు

(విజయవాడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో థర్డియర్, ఫైనలియర్ పిల్లలతో మాట్లాడింది. రికార్డింగ్ విని రాసుకున్నాం, మాటలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతోందా? చివరి వరసలో ఫ్యాను కింద ఉన్నవాళ్ళు ఒకసారి చెయ్యెత్తండి. సరే. వినపడకపోయినా ఎత్తుతారు, నాకు తెలుసు, నేనూ ఆ వరస బ్యాచ్చే. (నవ్వులు)

ఇందాక సార్ నన్ను పరిచయం చేస్తూ "బీటెక్ చదివి కూడా ఆర్ట్ వైపు వెళ్ళారు" అన్నారు. సార్ మంచి మనసుతోనే అన్నారు, కానీ ఆ "కూడా" పదేళ్ళ నుంచీ వింటూనే ఉన్నా. నేను చేసేది ఏంటంటే తెలుగు అక్షరాలు గీస్తా. పుస్తకాల అట్టలు, షాపు బోర్డులు, పచ్చళ్ళ ప్యాకెట్లు, అప్పుడప్పుడూ ఏదన్నా టైటిలు. దాని మీదే బతుకుతున్నా. మాది గుంటూరు, నాన్న ఆర్టీసీ కండక్టరు, ఇంట్లో బొమ్మలేసేవాళ్ళు ఎవరూ లేరు, మొదలుపెట్టింది 2012లో, ఈసీఈ సెకండియర్, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పోయి సప్లీ కట్టిన రోజులు.

ఈ ఊళ్ళో ఈ టాపిక్ మీద ఎవరు మైకు పట్టుకున్నా ఎన్టీఆర్ గారి మీసం కథ చెప్పాల్సిందే. ఎస్సారార్ కాలేజీలో నాటకం, అక్కడ విశ్వనాథ సత్యనారాయణగారు తెలుగు లెక్చరరు, ఆడవేషం వెయ్యమంటే ఈయన వేస్తాను గానీ మీసం తియ్యనన్నారు, మీసంతోనే నాగమ్మ వేషం కట్టారు, మీసాల నాగమ్మ అని పేరు పడిపోయింది. సరే, తెలిసిందే. నాకు మాత్రం అదే రోజుల్లో జరిగిన పాల కథ ఇంకా ఇష్టం. ఆయన బెజవాడ హోటళ్ళకి పాలు పోసేవారు. పాలూ పొయ్యాలి, కాలేజీకీ వెళ్ళాలి, నాటకం కూడా వెయ్యాలి. తర్వాత గుంటూరు ఏసీ కాలేజీలో బీఏ, అక్కడా నాటకాలే, 1947లో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం వచ్చింది, మూడు వారాలు చేసి మానేసి మద్రాసు వెళ్ళిపోయారు. మనోళ్ళు ఈ చివరి ముక్క ఒక్కటే పట్టుకుంటారు. "చూశావా, ఉద్యోగం మొహాన కొట్టి వెళ్ళాడు." ఆ మానెయ్యడానికి ముందు ఎన్ని స్టేజీలెక్కారు, ఎన్ని హోటళ్ళకి పాలు పోశారు అన్నది ఎవరికీ అక్కర్లేదు. నేను ఇవాళ పాల గురించే మాట్లాడతా.

కాలేజీ మానెయ్యమని చెప్పడానికి రాలేదు, ముందే చెప్తున్నా, మీ హెచ్‌ఓడీ గారు కంగారు పడక్కర్లేదు. ఈ నాలుగేళ్ళూ అన్నం, అద్దె మీ నెత్తిన లేవు, చాలామందికి ఫీజు కూడా రీయింబర్స్‌మెంటులో పోతోంది. ఇప్పుడు తప్పు చేస్తే పోయేది రెండు వేలు. అదే తప్పు పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నప్పుడు చేస్తే పోయేది ఆ నెల ఇంటి అద్దె. అందుకని తప్పులన్నీ ఇప్పుడే చేసెయ్యండి, చవగ్గా అయిపోతుంది. కాకపోతే ఒకటి, తప్పు చేస్తే ఇంటికొచ్చి తిట్టేవాడు ఉన్న పని చెయ్యండి. మీరు పోర్ట్‌ఫోలియో అని ఏం చేస్తున్నారో నేను చూస్తున్నా, ఎవరూ అడగని పెద్ద కంపెనీ లోగో తీసుకుని నేనైతే ఇలా చేసేవాణ్ణి అని మార్చి పెడతారు, ఫ్రెండ్సందరూ ఫైర్ ఎమోజీ కొడతారు. ఎవరు తిట్టారు? ఎవరూ తిట్టలేదు. తిట్టనప్పుడు ఏం నేర్చుకున్నట్టు?

నా సంగతి చెప్తా. మా అక్క పెళ్ళి కార్డు కోసం నాన్నతో అరండల్‌పేటలో ఒక శుభలేఖల షాపుకి వెళ్ళా. మీకు తెలుసో లేదో, ఆ రంగురంగుల కార్డులు ఇక్కడ తయారవ్వవు, ఎక్కువ శివకాశి నుంచి రెడీమేడ్‌గా వస్తాయి, లోపల మేటరు మాత్రం ఇక్కడ టైప్ చేసి, ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి, స్క్రీన్ కట్టి కొడతారు. ఆ రోజు డీటీపీ కుర్రాడు రాలేదు. ఓనరు గారు ఒక్క వేలితో కొడుతున్నారు, ఒక్కో లైనుకి ఒక టీ. నేను పక్కన నిలబడి "బాబాయ్, మా అమ్మమ్మ పేరులో ఒత్తు కింద లైనుకి తగులుతోంది" అన్నా. ఆయన తలెత్తి చూసి "నువ్వు సరిచెయ్యమ్మా అయితే" అని కుర్చీ ఇచ్చేశారు. కోపంగానే ఇచ్చారులెండి. అలా కూర్చున్న కుర్చీలో బీటెక్ అయ్యేదాకా కూర్చున్నా, సాయంత్రం కాలేజీ బస్సు దిగి ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా, ఒక పెళ్ళి కార్డు మేటరు చేస్తే 250.

ఆ ఒత్తు సంగతి కొంచెం చెప్పాలి, ఇది నా కూడు కదా. ఇంగ్లీషు అక్షరాలు ఒక గీత మీద బుద్ధిగా కూర్చుంటాయి. మనవి అలా కాదు, పైన గుడి, కింద ఒత్తు, పక్కన కొమ్ము, మూడు వైపులా చేతులు చాపుతాయి. "లక్ష్మి" తీసుకోండి. పైన గుడి ఉంది, కింద ష ఒత్తు, దానికి మళ్ళీ మ ఒత్తు. ఇంగ్లీషుకి పెట్టిన లైన్ గ్యాప్ అలాగే వదిలేస్తే ఈ లైనులో ఒత్తు వచ్చి కింద లైనులో గుడిని గుద్దుతుంది. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఒక్క లక్ష్మి కూడా లేని పెళ్ళి కార్డు నేనింతవరకూ చూడలేదు, కాబట్టి రోజూ గుద్దుకునేవి. (నవ్వులు) అక్కడ నేర్చుకున్నా, లైనుల మధ్య ఎంత వదలాలి, ఎక్కడ ఒత్తుని రవ్వంత కుదించాలి, ఎక్కడ పేరుని రెండు లైన్లు చెయ్యకూడదు. పేరు మధ్యలో విరిగితే పెద్దవాళ్ళు ఊరుకోరు, అపశకునం అంటారు. ఇది ఏ యూట్యూబ్ వీడియోలోనూ లేదు, ఇప్పటికీ లేదు. ఇంకో మనిషి కూడా నేర్పాడు. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయిన బోర్డు పెయింటరు ఒకాయన సాయంత్రాలు షాపు మెట్ల మీద కూర్చునేవాడు, అందరూ పెయింటర్ బాబాయ్ అనేవాళ్ళు. నా స్క్రీన్ చూసి "తలకట్టు అట్టా పెట్టావేందమ్మాయ్, టోపీ పెట్టినట్టుంది. కుంచెతో అయితే ఒక్క ఊపులో లేవాలి" అని, బ్రష్ లేకపోతే టీ గ్లాసులో వేలు ముంచి మెట్టు మీద గీసి చూపించేవాడు. ఎండకి రెండు నిమిషాల్లో ఆరిపోయేది. మళ్ళీ గియ్యమంటే మళ్ళీ గీసేవాడు. నేను ఇవాళ గీసే తలకట్టు ఆయనదే, నాది కాదు.

ఇప్పుడు తప్పు కథ. మీ సార్ దీనికోసమే పిలిచారనుకుంటా.

థర్డియర్. ఒక పెళ్ళి కార్డు మేటరు వచ్చింది, చేత్తో రాసిన తెల్ల కాగితం. ముహూర్తం దగ్గర "13వ తేది గురువారం రాత్రి గం. 2-36 ని.లకు (తెల్లవారితే శుక్రవారం)" అని ఉంది. నేను ఇంగ్లీషు మీడియం పిల్లని. రాత్రి పన్నెండు దాటితే తేదీ మారుతుంది కదా, మరి 2-36 అంటే 14 కదా, పెద్దాయన పొరపాటు రాశారు, మళ్ళీ బ్రాకెట్‌లో ఈ తెల్లవారడం గోల దేనికి, అసలే ప్లేసు లేదు, అనుకుని శుభ్రంగా "14వ తేది శుక్రవారం రాత్రి గం. 2-36 ని.లకు" అని కొట్టి, బ్రాకెట్ లేపేశా. పైగా సరిచేశానని గర్వం. మనకి రోజు సూర్యోదయంతో మొదలై మళ్ళీ సూర్యోదయం దాకా నడుస్తుంది, పంచాంగం లెక్క అది, గురువారం అర్ధరాత్రి దాటినా తెల్లారేదాకా గురువారమే. శుక్రవారం రాత్రి 2-36 అని చదివిన మనిషి శుక్రవారం రాత్రి భోంచేసి బయల్దేరతాడు. అంటే పెళ్ళయిపోయి, అప్పగింతలు అయిపోయి, వంటవాళ్ళు గిన్నెలు కడుక్కుంటుంటే వస్తాడు.

ప్రూఫు వాళ్ళింట్లో ఎవరో చూసి పేర్లు బాగున్నాయన్నారు. షాపు ఓనరు బాబాయ్ కూడా చదవలేదు. 400 కార్డులు కొట్టేశాం. ఇంటికి పట్టుకెళ్ళి, తొలి కార్డు దేవుడి దగ్గర పెట్టాలి కదా, మూలలకి పసుపు రాయడానికి పెళ్ళికూతురి తాతగారు కూర్చున్నారు. మూడు మూలలు రాశారట. నాలుగో మూలకి వచ్చేటప్పటికి కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

ఆయన నేరుగా షాపుకొచ్చారు. పంచె, చేతిలో ఆ కార్డు, మూడు మూలలే పసుపు. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఎవరమ్మా ఇది కొట్టింది" అన్నారు, నేనే తాతగారూ అన్నా. "ఏం చదువుతున్నావ్" అన్నారు. బీటెక్ అన్నా. "అందుకే" అన్నారు. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు, నేను ఆ రోజు అన్నం తినలేదు.

స్క్రీన్ ప్రింటింగ్‌లో కొట్టినదాన్ని చెరపలేం, కార్డు కార్డే పోయినట్టు. కార్డు పదకొండు రూపాయలు, 400 కార్డులు, 4,400. బాబాయ్ "సగం నీది, సగం చదవనందుకు నాది" అన్నాడు, అది ఆయన మంచితనం. నా వాటా 2,200 అంటే తొమ్మిది కార్డుల పని ఊరికే చెయ్యాలి. చేశా. ఆ తర్వాత నాదొక పద్ధతి వచ్చింది, ఇప్పటికీ అదే. క్లయింటు రాసిచ్చినదాంట్లో నాకు తప్పనిపిస్తే సరిచెయ్యను, ఫోన్ చేసి అడుగుతా. ప్రూఫు మీద సంతకం లేకుండా ప్రింటుకి పంపను, అదీ "చూశాను" అని కాదు, తేదీ, టైము, ఫోన్ నంబరు వాళ్ళ చేత పైకి చదివించి మరీ. పెద్ద పెద్ద ఏజెన్సీ వాళ్ళు కూడా నన్ను చాదస్తం అంటారు. అననివ్వండి.

సరే, డబ్బుల దగ్గరికొద్దాం, ఇది మొహమాటం సబ్జెక్టు. మీరు పని మొదలుపెట్టగానే మొదటి కస్టమర్లు చుట్టాలే. పిన్ని కొడుకు పెళ్ళి, మావయ్య షాపు ఓపెనింగు, "మన పిల్లే కదా, ఒక అరగంట పని". ఆ అరగంట పదకొండు రోజులు నడుస్తుంది. నేను కొన్నాళ్ళు ఏడ్చి, తర్వాత ఒక ఉపాయం కనిపెట్టా. దగ్గరి చుట్టాలకి ఫ్రీగానే చేస్తా, కానీ ముందే చెప్పేస్తా, "అత్తయ్యా, ఇదే నా చదివింపులు, విడిగా కవరు ఉండదు" అని. ఒకరిద్దరు వెంటనే "వద్దులే, డబ్బులు తీసుకో" అన్నారు. (నవ్వులు) బయటివాళ్ళ దగ్గర సగం అడ్వాన్సు ముందే తీసుకోండి. అడ్వాన్సు అడిగితే వెళ్ళిపోయేవాడు బ్యాలెన్సు ఎప్పటికీ ఇచ్చేవాడు కాదు, ముందే తెలిసింది, సంతోషం. ఎంత తీసుకోవాలి అని అడక్కండి, మీ ఊరు, మీ చెయ్యి, ఎన్నిసార్లు మార్పులు అడుగుతారో దాన్ని బట్టి. మార్పులు మూడుసార్ల దాకా, ఆ పైన ఇంత అని ముందే చెప్పుకోండి.

ఫోర్త్ ఇయర్‌లో ఒక పచ్చళ్ళ వాళ్ళకి పేరు గీసిచ్చా, 1,500. అప్పుడు ఒక చిన్న షాపు. రెండేళ్ళలో ఆ అక్షరాలు ప్యాకెట్ల మీద, వ్యాన్ల మీద, హైవే పక్కన బోర్డు మీద. బస్సులో వెళ్తూ కిటికీలోంచి నా ఆవకాయ "వ" చూసి పక్కనావిడకి "అది నేను గీసిందండీ" అంటే ఆవిడ పర్సు దగ్గరకి జరుపుకుంది. కడుపు మండి అప్పుడు చదివా, 1957 కాపీరైట్ చట్టం. మీరు ఇప్పుడే తెలుసుకోండి. సొంతంగా గీసినదానికి మామూలుగా మొదటి హక్కుదారు గీసినవాళ్ళే. ఉద్యోగంలో ఉండి ఆ ఉద్యోగం పనిగా గీస్తే కంపెనీది. ఇక్కడ ఫోటోగ్రఫీ బ్యాచ్ ఉన్నారు కదా, మీరు జాగ్రత్త, డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటో, వేయించుకున్న పెయింటింగు, పోర్ట్రెయిట్, వేరే ఒప్పందం లేకపోతే చేయించుకున్నవాళ్ళదే. హక్కులు ఇంకొకళ్ళకి ఇవ్వాలంటే కాగితం మీద సంతకంతో ఉండాలి, నోటిమాట చెల్లదు. ఆ కాగితంలో ఎన్నేళ్ళకి అని రాయకపోతే చట్టం ప్రకారం ఐదేళ్ళే, ఎక్కడెక్కడ అని రాయకపోతే ఇండియా వరకే. నా దగ్గర వాళ్ళ కాగితమూ లేదు, వాళ్ళ దగ్గర నా కాగితమూ లేదు. వెళ్ళి గొడవ పెట్టుకోలేదు, ఒక ఉత్తరం తీసుకెళ్ళి కూర్చుని మాట్లాడా. వాళ్ళకీ తెలియదు పాపం. పద్నాలుగు రకాల పచ్చళ్ళకి లేబుళ్ళ పని నాకే ఇచ్చారు, ఈసారి కాగితం రాసుకుని. ఇంకోటి, ఇక్కడ డిప్లొమా పిల్లలు కూడా ఉన్నారన్నారు, పద్దెనిమిది నిండకపోతే మీరు చేసిన కాంట్రాక్టు చెల్లదు, అమ్మో నాన్నో సంతకం పెట్టాలి.

పన్నులు రెండు ముక్కల్లో చెప్పేస్తా, నిద్రపోకండి. పాన్ కార్డు తీసుకోండి. ఒక కంపెనీ మీకు ఏడాదిలో ఫీజు కింద 50 వేలు దాటి ఇస్తుంటే 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, కోసుకుని ఇస్తుంది, అది పోయిన డబ్బు కాదు, మీ మొత్తం సంపాదన పన్ను పడేంత లేకపోతే రిటర్ను వేస్తే వెనక్కొస్తుంది. జీఎస్టీ అంటారా, మనలాంటి సర్వీసు పనులకి ఏడాదికి 20 లక్షలు దాటాక చూసుకుందాం, ఆ రోజు నాకు ఫోన్ చెయ్యండి, స్వీట్లు పట్టుకుని వస్తా.

అటెండెన్స్ 75 శాతం తగ్గనివ్వకండి. డిటెయిన్ అయితే ఏడాది పోతుంది, రీయింబర్స్‌మెంటు ఉన్నవాళ్ళకి అదీ ఇబ్బందే, ఇంట్లో మీ బొమ్మల మీద పడతారు. నేను ఒకసారి అంచు దాకా వెళ్ళొచ్చా, వద్దు.

(ప్రశ్న: మేడం, ఆర్ట్ కోర్సు చేయకుండా ఈ ఫీల్డ్‌లో నిలబడగలమా?)

నేను చెయ్యలేదు, నిలబడ్డా, కానీ దాన్ని గొప్పగా చెప్పను. చదువుకుంటే ఐదేళ్ళ తంటాలు రెండేళ్ళలో అయ్యేవి. మన పక్కనే నాగార్జున యూనివర్సిటీ క్యాంపస్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ మొదలైంది 2015లో, సరిగ్గా నా బీటెక్ అయిపోయిన ఏడాది. మా ఇంటి నుంచి బస్సు దూరం. ఏమనాలి చెప్పండి. మీలో డిగ్రీ తర్వాత చదవాలనుకునేవాళ్ళు సీడ్ పరీక్ష చూడండి, ఐఐటీ బాంబే పెడుతుంది, ఇంజినీరింగ్ వాళ్ళు కూడా రాయొచ్చు, ఎండిజైన్‌కి, అంటే డిజైన్‌లో పీజీకి. పెద్ద ఖర్చు లేకుండా కావాలంటే బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది. పెళ్ళి కార్డుల మీద మీరు చూసే ఆ రాత ఉంటుంది కదా, బాపు ఫాంటు, ఆ చేతిరాత ఆయనది. ఆయన లా చదివారు. "లా చదివి కూడా" అని ఆయన్ని ఎవరూ అనరు చూశారా.

(ప్రశ్న: సిస్టం, సాఫ్ట్‌వేర్ కొనే పరిస్థితి లేదు మేడం.)

నాకు థర్డియర్ చివరిదాకా ల్యాప్‌టాప్ లేదు, షాపు కంప్యూటరే. డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లు నడుస్తున్నాయి, ఆ మేటరు కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చిగీతలు వస్తాయి, అది యూనికోడ్, అంటే అన్ని ఫోన్లకీ అర్థమయ్యే అక్షరాల కోడ్, కాదు కాబట్టి. రెండూ వచ్చిన పిల్లలకి ఈ ఊళ్ళో పని దొరుకుతుంది, రాసిపెట్టుకోండి. ఫాంట్లు దొంగతనం చెయ్యక్కర్లేదు, గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు ఇవన్నీ ఫ్రీ, డబ్బులు తీసుకునే పనికి కూడా వాడుకోవచ్చు. పాత ఫోటోషాప్ వెర్షన్లలో తెలుగు ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్‌లోకెళ్ళి వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టి రీస్టార్ట్ చెయ్యండి. ఇది తెలియక నేను ఒక ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ... వద్దులే, ఒక తప్పు చాలు ఇవాళ్టికి.

(ప్రశ్న: ఏఐ వచ్చాక ఈ పనులు ఉంటాయా?)

అక్షరాలు గియ్యడం అది రేపో మాపో నేర్చుకుంటుంది, నేను కాదనను, భయం లేదని కూడా అనను. తాతగారు కార్డు పట్టుకుని షాపుకొస్తే లేచి నిలబడి తిట్లు తినాల్సింది మాత్రం నేనే, అది కాదు. దానికి కూడా కొంత డబ్బులిస్తారు లోకంలో.

(ప్రశ్న: ఇంట్లో ఎలా ఒప్పించారు?)

ఒప్పించలేదమ్మా. సప్లీ ఫీజు నా డబ్బుల్తో నేనే కట్టుకున్నా. నాన్న రెండు రోజులు ఏం మాట్లాడలేదు, మూడో రోజు "షాపు నుంచి రాత్రి ఒక్కదానివే రావద్దు, నేను డ్యూటీ దిగి వస్తా" అన్నాడు. అంతే, అదే ఒప్పుకోవడం.

(ప్రశ్న: ఆ తాతగారు మళ్ళీ ఎప్పుడైనా కనిపించారా?)

వచ్చారు. రెండేళ్ళ తర్వాత, మనవడి పెళ్ళికి. వేరే షాపుకి వెళ్ళలేదు, బాబాయ్‌ని "ఆ బీటెక్ పిల్ల ఉందా" అని అడిగారట. నాకు ఫోన్ చేసి పిలిపించారు. మేటరు కాగితం నా చేతికే ఇచ్చారు, ఆయన చేతిరాతే, అదే తెల్ల కాగితం. ఈసారి ముహూర్తం పగలు పదకొండింటికి. అయినా సరే, తేదీ కింద, వారం కింద ఎర్ర ఇంకుతో రెండేసి గీతలు గీసి తెచ్చారు.